కడుపు ‘చాలు’ అని చెప్పని పిల్లలకు: ఆటిజంలో అతి ఆకలిని అదుపులోకి తెచ్చే మార్గదర్శి

రాత్రి రెండింటికి వంటింట్లో చప్పుడైతే లేచి వెళ్ళాను. ఫ్రిజ్ తలుపు తీసి ఉంది. ఆ వెలుతురులో మా అబ్బాయి కింద కూర్చుని పెరుగు గిన్నె ఖాళీ చేస్తున్నాడు. ఉదయానికని చేసిపెట్టిన ఆరు చపాతీలూ అప్పటికే అయిపోయాయి. వాడికి ఆటిజం ఉంది, అప్పుడు ఎనిమిదేళ్ళు. తొమ్మిదింటికి కడుపునిండా అన్నం తినే పడుకున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు, గిన్నె దాచుకోలేదు. దాన్ని నా వైపు చాచి "ఇంకా" అన్నాడు. వాడికి వచ్చిన కొద్దిపాటి మాటల్లో అదొకటి.

ఆ ఏడాది వాడి బరువు తొమ్మిది కిలోలు పెరిగింది. చుట్టాలు "నోరు కట్టుకోవడం నేర్పమ్మా" అన్నారు. నేనూ కొన్నాళ్ళు అదే అనుకున్నాను. డబ్బాలు దాచాను, కోప్పడ్డాను. దాచినకొద్దీ వాడి ధ్యాసంతా ఆ డబ్బాల మీదే ఉండేది. ఇప్పుడు వాడికి పన్నెండు. మా ఇల్లు విశాఖపట్నం సీతమ్మధారలో. ఈ నాలుగేళ్ళలో డాక్టర్ల దగ్గర, థెరపిస్టుల దగ్గర, నాలాంటి అమ్మల దగ్గర నేర్చుకుని మా ఇంట్లో చేసి చూసినవి వరసగా రాస్తున్నాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి రెండు మెట్లు మాత్రం ఎవరూ దాటవేయొద్దు.

ముందు, ఇలా ఎందుకు తింటారో

ఖాళీ కడుపు నుంచి గ్రెలిన్ అనే హార్మోన్ మెదడుకు ఆకలి కబురు పంపుతుంది. తింటూ ఉంటే పేగుల నుంచి, కడుపు సాగడం నుంచి ‘ఇక చాలు’ అనే కబురు వెళ్తుంది. అది అందడానికి ఎవరికైనా సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఒంటి లోపలి కబుర్లను, అంటే ఆకలి, దాహం, మూత్రం, గుండెదడ లాంటివాటిని గుర్తుపట్టే శక్తిని ఇంటరోసెప్షన్ అంటారు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ శక్తి మనకంటే వేరుగా పనిచేస్తుంది. కొందరికి ఆకలే తెలియదు, పూట గడిచినా అడగరు. కొందరికి నిండినట్టు తెలియదు. ఒకే పిల్లవాడికి వేర్వేరు రోజుల్లో రెండూ ఉండొచ్చు.

దీనికి తోడు ఇంకొన్ని ఉంటాయి. మొదలుపెట్టింది పూర్తి చేయాలనే పట్టుదల ఉన్న పిల్లవాడు ప్యాకెట్టు అయ్యేదాకా తింటాడు, అది చిన్నదా పెద్దదా అని చూడడు. నోటికి కరకరలాడేది ఏదో ఒకటి కావాలనే తపన కొందరిది. ఏమీ తోచక తినేవాళ్ళున్నారు. టెన్షన్‌లో తినేవాళ్ళున్నారు. మాటలు తక్కువ ఉన్న పిల్లవాడికి ‘బిస్కెట్’ అనేది ఒక్కటే గట్టిగా వచ్చిన మాటైతే, నొప్పికీ విసుగుకీ నిద్రకీ అదే వాడతాడు. మనం ప్రతిసారీ బిస్కెట్ ఇస్తాం.

కాబట్టి దీనికి తిండిపోతుతనం అని పేరు పెట్టకండి. కడుపు చెప్పాల్సిన ‘చాలు’ అనే మాట వీళ్ళకు సరిగా వినపడటం లేదు. ఆ మాటను కంచం చెప్పాలి, గడియారం చెప్పాలి, గోడ మీది బొమ్మ చెప్పాలి. కింద రాసినవాటిలో చాలా భాగం ఆ ఏర్పాటే.

మొదటి మెట్టు: వారం రోజుల నోట్‌బుక్

ఏదీ మార్చకుండా ఏడు రోజులు రాయండి. ఎన్ని గంటలకు తిన్నాడు, ఏం తిన్నాడు, అడిగి తిన్నాడా తీసుకుని తిన్నాడా, అంతకుముందు ఏం జరుగుతోంది, తర్వాత ఏం చేశాడు. నిద్ర గంటలు, విరేచనం అయిందా లేదా, ఏ మందు ఎన్నింటికి వేశారు అన్నవీ పక్కనే ఉండాలి. వండేది, పెట్టేది ఎవరైతే వాళ్ళే రాయాలి. మా ఇంట్లో సగం పేజీలు అత్తయ్యగారు రాసినవే.

మా నోట్‌బుక్‌లో తేలిందేమిటంటే, వాడి అతి తిండి రోజంతా లేదు. స్కూలు బస్సు దిగిన సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా, మళ్ళీ రాత్రి పడుకున్న తర్వాత. బడిలో మధ్యాహ్నం కేరేజీ సగం వెనక్కి వస్తోంది. భోజనాల హాల్లో గోల భరించలేక తినడం లేదు. సాయంత్రానికి అది నిజమైన ఆకలే. నేను దాన్ని మొండితనం అనుకుని ఆ సమయంలోనే డబ్బాలు దాచాను. కేరేజీని క్లాసు రూములో, టీచర్ పక్కన కూర్చుని తినేలా ఏర్పాటు చేయించాక సాయంత్రం గొడవ సగం తగ్గింది. నోట్‌బుక్ లేకపోతే నాకది ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండో మెట్టు: ఆ నోట్‌బుక్‌తో డాక్టర్ దగ్గరకు

ముందు మందుల సంగతి. ఆటిజంలో విపరీతమైన చిరాకు, తనను తాను కొట్టుకోవడం లాంటివి తగ్గించడానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ ఇస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొదటిదాన్ని 2006లో, రెండోదాన్ని 2009లో ఈ అవసరానికి అనుమతించింది. మేలు చేసే మందులే. కానీ ఆకలిని బాగా పెంచుతాయి, ముఖ్యంగా రిస్పెరిడోన్. మొదలుపెట్టిన తొలి నెలల్లోనే బరువు వేగంగా పెరుగుతుంది. మూర్ఛకు వాడే సోడియం వాల్‌ప్రోయేట్ కూడా చాలామందిలో అంతే. చురుకుదనం మరీ ఎక్కువైన పిల్లలకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ కథ వేరు. పగలు ఆకలిని చంపుతుంది, సాయంత్రం మందు దిగాక అణిగిన ఆకలంతా ఒక్కసారి తిరగబడుతుంది. అప్పుడు మార్చాల్సింది తిండి వేళలు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆకలి పెరిగిందని ఈ మందులను మీరే ఆపేయకండి. రిస్పెరిడోన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే చిరాకు, నిద్రలేమి తిరిగి రావచ్చు. వాల్‌ప్రోయేట్ ఆపితే మూర్ఛ రావచ్చు. డాక్టర్‌ను ఇవి అడగండి: మోతాదు తగ్గించవచ్చా, వేసే వేళ మార్చవచ్చా, వేరే మందుకు మారవచ్చా, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ చేర్చడం మా వాడికి పనికొస్తుందా. ఈ రకం మందులు వాడుతూ బరువు పెరిగిన 6 నుంచి 17 ఏళ్ళ ఆటిజం పిల్లలపై చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మెట్‌ఫార్మిన్ 16 వారాల్లో ఆ పెరుగుదలను తగ్గించింది. కొందరికి కడుపులో ఇబ్బంది కూడా కలిగింది. ఇది డాక్టర్ తేల్చాల్సిన విషయం, మెడికల్ షాపులో అడిగి కొనేది కాదు. మందు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఉంటాయి. మాకు మొదటిసారి మందు రాసిన చోట ఆకలి గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తొలి నెలలోనే జాగ్రత్త పడేవాళ్ళం.

మందులు కాక చూడాల్సినవి: థైరాయిడ్, షుగర్, రక్తం, ఇనుము. మట్టి, సుద్ద, కాగితం లాంటివి తింటుంటే ఇనుము పరీక్ష తప్పనిసరి, రక్తంలో సీసం పరీక్ష గురించి కూడా అడగండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే మురికి అనుకుని రుద్దకండి. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తు. మలబద్ధకం, కడుపులో మంట ఉంటే ఆ అసౌకర్యాన్నే ఆకలిగా పొరబడే పిల్లలున్నారు. నులిపురుగుల వల్లే ఇంత తింటున్నాడని పెద్దవాళ్ళు అంటారు. ఆ మందు వేయించండి, మంచిదే. కానీ ఇంత ఆకలికి కారణం అక్కడితో తేలిపోయిందనుకోకండి.

పసికందుగా ఉన్నప్పుడు ఒళ్ళు వేలాడిపోతూ, పాలు చీకలేక, తర్వాత రెండు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఎప్పుడో తీరని ఆకలి మొదలైతే ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ గురించి అడగండి. 15వ క్రోమోజోమ్‌లో తేడా వల్ల వస్తుంది. మిథైలేషన్ అనే డీఎన్ఏ పరీక్షతో తేలుతుంది. ఆ పిల్లల్లో కొందరికి ఆటిజం లక్షణాలు కూడా ఉంటాయి. వాళ్ళకు తిండికి తాళం వేయడం వైద్యంలో భాగం, వాళ్ళ దారి వేరు.

బరువు ఎక్కువా కాదా అన్నది కంటిచూపుతో తేల్చకండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో 5 నుంచి 18 ఏళ్ళ మన పిల్లల కోసం గ్రోత్ చార్టులు ఇచ్చింది. దాని మీద గుర్తు పెట్టమని అడగండి. పెరిగే పిల్లవాడి బరువు దించాలని ఆత్రపడక్కర్లేదు. చాలామందికి బరువు ఉన్నచోట ఆగి ఎత్తు పెరిగితే చాలు.

విశాఖలో ప్రభుత్వ వైద్యం కావాలంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగం ఉంది. ప్రవర్తన, మందుల విషయానికి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఆటిజం ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉండే ఆ బీమాలో ఓపీ వైద్యం, పరీక్షలు, థెరపీ కూడా చేరతాయి. చాలామంది తీసుకోవడమే లేదు.

వీటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా బరువు తగ్గడం. బటన్ బ్యాటరీ, అయస్కాంతం మింగడం. ఆగని వాంతులు. నిద్రలో గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే అది కూడా త్వరగా చూపించాల్సిందే.

మూడో మెట్టు: తిండి వేళలు గోడ మీదకు

మన ఇళ్ళలో వంటిల్లు రోజంతా తెరిచే ఉంటుంది. ఎప్పుడు తిండి దొరుకుతుందో తెలియని పిల్లవాడు ఎప్పుడు కనిపిస్తే అప్పుడు తింటాడు. దొరకదేమో అనే భయం వాడిని ఇంకా తినిపిస్తుంది. అందుకే ముందు వాడికి భరోసా ఇవ్వాలి.

మా గోడ మీద ఐదు బొమ్మలున్నాయి. ఏడింటికి టిఫిన్, పదింపావుకు బడిలో చిరుతిండి, పావు తక్కువ ఒంటిగంటకు అన్నం, నాలుగున్నరకు సాయంత్రం తిండి, పావు తక్కువ ఎనిమిదికి రాత్రి భోజనం. ఇంటి గిన్నెలనే ఫోనులో ఫొటో తీసి, లామినేషన్ చేయించి, వెల్క్రో అతికించాను. తిన్నాక ఆ బొమ్మను తీసి కింది డబ్బాలో వాడే వేస్తాడు. తర్వాతి బొమ్మ గోడ మీద కనిపిస్తూనే ఉంటుంది. ‘తిండి పోలేదు, ఇంకా వస్తుంది’ అని వాడికి చెప్పేది అదే. రెండు తిండ్ల మధ్య మూడుముప్పావు గంటలకు మించి ఎడం పెట్టకండి. ఆలస్యం మన వల్ల కాకూడదు. ఒక్కసారి మాట తప్పితే మళ్ళీ నమ్మకం కట్టడానికి వారం పట్టింది.

నాలుగో మెట్టు: ముగింపు కంటికి కనపడాలి

అన్నిటికంటే మాకు పనిచేసింది ఇది.

ఒక పెళ్ళిలో గమనించాను. బంతిలో కూర్చుని ఎంత వడ్డిస్తే అంత తింటున్నవాడు, పక్కన మా మావయ్య విస్తరి మడవగానే తన విస్తరీ మడిచాడు. వడ్డించేవాళ్ళు ఆ తర్వాత రాలేదు, వాడూ అడగలేదు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఇంట్లో అన్నం గిన్నె మూత తీసి ఎదురుగా ఉంటుంది, ఎవరో ఒకరు గరిటెతో వేస్తూనే ఉంటారు. అక్కడ ముగింపు ఎక్కడుంది? విస్తరి మడిస్తే ముగింపు కనపడింది.

ఇంటికొచ్చి ఆకుపచ్చ ప్లాస్టిక్ మ్యాట్ ఒకటి కొన్నాను. కంచం దాని మీద పెడతాను. తిన్నాక కంచం సింకులో వేసి, మ్యాట్ మడిచి, గ్లాసు బోర్లించాలి. ఆ మూడు పనులూ వాడివే. మొదటి పది రోజులు చెయ్యి పట్టుకుని చేయించాను. ఇప్పుడు మేం గ్లాసు బోర్లించడం మరిచిపోతే వాడే బోర్లిస్తాడు.

దీనితో పాటు గిన్నెలన్నీ వంటింట్లోనే ఉంచి, కంచంలో వడ్డించి తీసుకురండి. గళ్ళ కంచం అయితే మంచిది. రెండోసారి వడ్డింపు ఉంటుందా లేదా అన్నది భోజనం మొదట్లోనే తెలియాలి. మేం కంచం పక్కన మూత పెట్టిన చిన్న గిన్నె ఉంచుతాం. రెండోసారి అంటే అదే. అది అయిపోతే అయిపోయినట్టు. మొదటి కంచానికీ ఆ గిన్నెకీ మధ్య ఇసుక గడియారం తిప్పుతాం. మొదట్లో రెండు నిమిషాలు, మూడు నెలలకు పది నిమిషాలు. ఒకేసారి పదితో మొదలుపెడితే గొడవే. కడుపు కబురు మెదడుకు చేరడానికి మనం ఇచ్చే సమయం అది.

ప్యాకెట్టు ఎప్పుడూ పిల్లవాడి చేతికి ఇవ్వకండి. జంతికలైనా మిక్చరైనా కొనుక్కొచ్చిన రోజే చిన్న స్టీలు డబ్బాల్లోకి సర్ది, పెద్ద ప్యాకెట్టు కనపడకుండా పెట్టండి. డబ్బా ఖాళీ అయితే ‘పూర్తయింది’ అనే వాడి నియమం కూడా నిలబడుతుంది. వాడి పట్టుదలను మార్చలేకపోయినా, అది పట్టుకున్న వస్తువు సైజు మార్చగలం. ఇడ్లీలు కూడా అంతే. వాయ మొత్తం ఎదురుగా పెడితే వాయ మొత్తం తింటాడు.

గబగబా నోట్లో కుక్కుకునే పిల్లలుంటారు. నోరు నిండిందని వాళ్ళకు తెలియదు. ఇది ప్రమాదం, గొంతుకు అడ్డం పడుతుంది. చిన్న చెంచా ఇవ్వండి, నాలుగు ముద్దలకు సరిపడానే ఒకసారి వేయండి, ద్రాక్షపండ్లు నిలువునా చీల్చండి, తింటున్నంతసేపూ పక్కనే ఉండండి. గొంతుకు అడ్డం పడితే వీపు మీద ఎలా చరచాలో, పొట్ట ఎలా నొక్కాలో ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. డాక్టర్‌ను అడిగితే చేసి చూపిస్తారు.

ఐదో మెట్టు: ‘లేదు’ బదులు ‘ఎప్పుడు’

వేళ కాని వేళ అడిగితే "లేదు", "ఇప్పుడేగా తిన్నావ్" అనకండి. వాడికి అది ఎప్పటికీ దొరకదని వినపడుతుంది. గోడ దగ్గరకు తీసుకెళ్ళి తర్వాతి బొమ్మ మీద వేలు పెట్టి "నాలుగున్నరకు, నాన్నా" అనండి. అంతే. పది మాటలు చెప్పొద్దు. వెంటనే చేతికి ఇంకో పని ఇవ్వండి.

అరుపులు మొదలయ్యాక మాత్రం ఇవ్వకండి. ఇవ్వదలిస్తే అరవకముందే ఇవ్వాలి. పదిసార్లు కాదని పదకొండోసారి ఇస్తే, పదకొండుసార్లు అరవాలని నేర్పినట్టవుతుంది. కొత్త నియమం పెట్టిన మొదటి వారం అరుపులు ముందుకంటే పెరుగుతాయి. అది తెలిసిన విషయమే, ఏదో తప్పు చేశామని భయపడకండి. బడికి సెలవులున్న వారం చూసుకుని మొదలుపెట్టండి, పక్కింటివాళ్ళకు ముందే చెప్పండి.

మా ఫ్రిజ్‌లో కింది అర ‘ఎప్పుడైనా’ అర. కీరా, క్యారెట్ ముక్కలు, జామకాయ, పలచటి మజ్జిగ. అవి అడగకుండా తీసుకోవచ్చు. వేళ కాని వేళ ఏదీ ఇవ్వకూడదనే థెరపిస్టులున్నారు, వాళ్ళ వాదనా సబబే. కానీ మా ఇంట్లో రాత్రి వంటింటి దొంగతనాలు ఆగింది ఆ అర పెట్టాకే. పూర్తిగా మూసిన తలుపు ముందు నిలబడటం వాడి వల్ల కాలేదు.

తాళాల గురించి చాలామంది అడుగుతారు. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ ఆపడం, కత్తులు, నూనె డబ్బా పైన పెట్టడం ఎవరైనా చేయాల్సిందే. తిండి అల్మారాకు తాళం వేయక తప్పకపోతే రోజూ, అందరికీ వేయండి. వాడు తప్పు చేసిన రోజే తాళం కనపడితే అది శిక్ష అవుతుంది.

ఆరో మెట్టు: నోటికి తిండి కాని పని

చొక్కా కాలరు, పెన్సిలు కొరుకుతుంటే, మెత్తటివి వదిలి కరకరలాడేవే వెతుకుతుంటే, నోరు అడుగుతోంది కొరుకుడు. కడుపు ఏమీ అడగడం లేదు. ఆక్యుపేషనల్ థెరపిస్టును అడిగితే నమలడానికి సిలికాన్ ట్యూబులు ఇప్పిస్తారు. సన్నటి స్ట్రాతో చిక్కటి మజ్జిగ పీల్చడం, బుడగలు ఊదడం, ఈల ఊదడం కూడా నోటికి పనే. బస్సు దిగగానే మా వాడు పది నిమిషాలు పరుపు మీద దొర్లి, దుప్పటి గట్టిగా చుట్టించుకుంటాడు. ఆ తర్వాతే తిండి. వరస అలా మార్చాక తినే వేగం తగ్గింది.

ఏడో మెట్టు: కడుపు మాట నేర్పడం

ఇది నెలలు పట్టే పని, రోజుకు రెండు నిమిషాలు చాలు. తినకముందు వాడి చెయ్యి వాడి పొట్ట మీద పెట్టించి "పొట్ట ఎలా ఉంది?" అని అడగండి. మూడు బొమ్మలు చూపండి: ఖాళీ బుంగ, సగం బుంగ, నిండు బుంగ. తిన్నాక మళ్ళీ అదే. మొదట్లో వాడు తోచింది చూపిస్తాడు. సరిదిద్దకండి. "పొట్ట గట్టిగా ఉంది, నిండింది" అని మీరు పేరు పెట్టండి. ముందు తేలిగ్గా తెలిసేవాటితో మొదలుపెడితే ఇంకా మంచిది. పరిగెత్తించి గుండె మీద చెయ్యి పెట్టించడం, చల్లటి నీళ్ళు తాగించి గొంతులోంచి ఎక్కడిదాకా వెళ్ళాయో వేలితో చూపించమనడం. ‘ఆకలి’ ఒక్కటే కాక ‘విసుగు’, ‘నొప్పి’, ‘నిద్ర’, ‘గోల’ కార్డులు కూడా ఇవ్వండి. ఆ కార్డులు వచ్చిన కొన్నాళ్ళకు మా వాడు ‘ఇంకా’ అనాల్సిన చోట ‘గోల’ కార్డు ఇచ్చాడు. మిక్సీ ఆపితే చాలు, బిస్కెట్ అక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: కంచంలో ఏముండాలి

అన్నం మాన్పించకండి. వీళ్ళలో చాలామంది నాలుగైదు రకాలే తింటారు, వాటిలో ఒకటి తీసేస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఉన్నదాని పక్కన ఎక్కువసేపు నిలిచేది చేర్చండి. సాయంత్రం బిస్కెట్ల ముందు ఉడికించిన గుడ్డు, లేదా శనగల గుగ్గిళ్ళు. అన్నంలో పప్పు పాలు నెమ్మదిగా పెంచడం. చేప తినేవాడైతే ముళ్ళు పూర్తిగా తీసి వారానికి రెండుసార్లు. చోడిపిండి (రాగిపిండి) దోసెల పిండిలో ఒక చెంచాతో మొదలుపెట్టి రెండు నెలల్లో గరిటెడు దాకా వెళ్ళాం, రంగు మారినట్టు వాడికి తెలియలేదు. కూల్ డ్రింకులు, ప్యాకెట్ రసాలు, పాలల్లో కలిపే తీపి పొడులు మాత్రం ఇంటికి తేవడం మానేయండి. తాగినవి కడుపుకు నిండినట్టు అనిపించవు, బరువు మాత్రం పెంచుతాయి. గోధుమలు, పాలు పూర్తిగా మానేస్తే ఆటిజం తగ్గుతుందని చెప్పేవాళ్ళుంటారు. అలా అని గట్టి ఆధారం లేదు. అసలే నాలుగు రకాలు తినే పిల్లవాడికి రెండు రకాలు పోతాయి.

తొమ్మిదో మెట్టు: మిగతా మనుషులు

థెరపీ సెంటర్‌లో చెప్పిన పని చేసిన ప్రతిసారీ చిప్స్ ముక్క, చాక్లెట్ ముక్క ఇస్తుంటే లెక్కపెట్టించండి. మా వాడికి ఒకచోట గంటలో ఇరవైకి పైగా ఇచ్చేవారు. టోకెన్లు, ఊయల, బుడగలు, ఇష్టమైన పాట అర నిమిషం, ఇలా మార్చమని అడిగే హక్కు మనకుంది. ఇంట్లో కూడా తిండిని బహుమతిగా, శిక్షగా వాడొద్దు.

నాన్నమ్మలు, అమ్మమ్మలతో వాదిస్తే పని జరగదు. వాళ్ళకు పెట్టడమే ప్రేమ. అందుకని పెట్టే పనే వాళ్ళకు అప్పగించాను. నాలుగున్నర బొమ్మ అత్తయ్యగారిది. గుగ్గిళ్ళ డబ్బా ఆవిడ చేతి మీదుగానే వాడికి వెళ్తుంది. అప్పటినుంచి చాటుగా పెట్టడం ఆగిపోయింది.

నడక, నిద్ర గురించి కొద్దిగా. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది. నిద్ర పట్టకపోవడం కూడా డాక్టర్‌కు చెప్పాల్సిన విషయమే. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపేస్తారు. జనం గోల పడని పిల్లలకు నడవడానికి మంచి సమయం. నీళ్ళంటే ఇష్టమైతే కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌కు తీసుకెళ్ళండి. ఆర్కే బీచ్‌లో సముద్రంలోకి దింపొద్దు. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, మన పిల్లలకు భయం తక్కువ.

చివరిగా, ఇంటి బయట

బీచ్‌కు వెళ్తే మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) కొనకుండా రాలేం. మొదటిసారి ఒక పొట్లం అయ్యాక రెండోది ఇవ్వలేదని వాడు ఇసుకలో పడి ఏడ్చాడు. చుట్టూ జనం మూగారు, ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చేశాం. తర్వాత ఇలా మార్చుకున్నాం. బయలుదేరే ముందే మూడు బొమ్మలు చూపిస్తాం: నడక, మిక్చర్, ఆటో. ఇంటి నుంచి వాడి చిన్న స్టీలు డబ్బా తీసుకెళ్తాం. బండి దగ్గర వాడిని నిలబెట్టం. వాళ్ళ నాన్న వెళ్ళి ఉల్లిపాయలు, టమాటా ఎక్కువ వేయించి డబ్బాలో నింపించుకొస్తారు. అప్పటిదాకా నేనూ వాడూ అలల వైపు తిరిగి కూర్చుంటాం. డబ్బా అయ్యాక మూత పెట్టి నా సంచిలో వాడే వేయాలి. వెంటనే ఆటో, బళ్ళు లేని వైపు నుంచి. ఇంట్లో ఉప్పు లేని మరమరాలతో నాలుగైదుసార్లు ఇదంతా ఆటలా చేయించాకే బీచ్‌కు తీసుకెళ్ళాం. రద్దీ తక్కువని మొదట మంగళవారం సాయంత్రాలు వెళ్ళాం. ఆదివారం వెళ్ళడానికి ఎనిమిది నెలలు పట్టింది.